మేడ మీద వెచ్చటి గది

మా వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు. అత్తగారికి ఆమె "అమ్మాయ్", మరిదికి "వదిన", మిగతా ఊరందరికీ టోపీలక్క. నేను వాళ్ల ఇంటికి ఎదురుగా బట్టలు కుడుతుంటాను. నా మిషను కిటికీ పక్కనే ఉంటుంది. తల వంచితే గుడ్డ, తల ఎత్తితే వాళ్ల ఇల్లు. అందుకే ఆ ఇంట్లో జరిగింది నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇల్లు ఇరుకైనది. కింద వీధివైపు ఒక గది, అదే గడ్డి టోపీల కొట్టు, అదే పని చేసుకునే చోటు. దాని వెనక వంటగది. నిటారుగా ఉన్న చెక్కమెట్లు ఎక్కితే మేడ మీద రెండు గదులు. ఒకటి అత్తగారిది, రెండోది గడ్డి దాచే గది. రెండింటికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్కపలకలు కొట్టిన అడ్డు. ఈ మాట గుర్తుంచుకుంటే తర్వాత జరిగింది తేలిగ్గా అర్థమవుతుంది.

టోపీలక్క కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు గడ్డిపోచ పట్టుకోవడం కూడా రాదు. నేర్పింది అత్తగారే. గోధుమ గడ్డిని కణుపుల దగ్గర కోసి, కణుపుకీ కణుపుకీ మధ్య ఉన్న నున్నటి ముక్కను మాత్రమే తీసుకోవాలి. నీళ్లలో నానేసి, తడిగుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని సన్నటి జడ అల్లాలి. ఆ జడను టోపీ నడినెత్తి దగ్గర బొత్తామంత చుట్టగా మొదలుపెట్టి, చుట్టు మీద చుట్టు కొద్దిగా ఎక్కేలా కుట్టుకుంటూ పోవాలి. తల పట్టే భాగం వచ్చాక చెక్క అచ్చు మీద బోర్లించి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో అదమాలి. అంచు చివర్న వస్తుంది. కొత్తకోడలు అల్లిన జడ వానపాములా మెలికలు తిరిగిపోతుంటే అత్తగారు గడ్డిపోచతోనే వేళ్ల మీద కొట్టేదట. "దెబ్బ తగలదు కానీ సిగ్గేసేది చెల్లీ," అని టోపీలక్క నాతో చెప్పి నవ్వేది.

ఆమె భర్త తాపీమేస్త్రీ. పెళ్లయిన కొన్నేళ్లకే గోడకు కట్టిన సారువ కర్రల మీంచి పడి చనిపోయాడు. కోడలు పుట్టింటికి వెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె సంచీ సర్దుకుంటుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి, "వెళ్తే వెళ్లు. నేను నేర్పిన అల్లిక మాత్రం ఇక్కడ వదిలేసి వెళ్లు," అందట. ఏడుస్తున్న మనిషికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. సంచీ విప్పేసింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ విడిగా ఉండగా నేను చూడలేదు.

పెద్దావిడ కళ్లు మసకబారి, చివరికి వెలుగూ చీకటీ మాత్రమే తెలిసే స్థితికి వచ్చాయి. అయినా చేతులు ఆగలేదు. మేడ మీద తన గదిలో గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని అల్లుతూనే ఉండేది. ఆమె అల్లిన జడ ఒళ్లోంచి జారి, గుమ్మం దాటి, మెట్టు మెట్టూ దిగి కింది గదిలోకి వచ్చేది. కింద టోపీలక్క దాని కొస అందుకుని కుట్టేది. కోడలికి ఇంకా కావాలంటే జడను ఒకసారి లాగేది, పైనుంచి అత్తగారు తిరిగి లాగేది. అదే వాళ్ల మాట. ఒకసారి నేను అక్కడే ఉండగా జడ గట్టిగా రెండుసార్లు కదిలింది. "ఏంటక్కా అది?" అన్నాను. "టీ కావాలంట మహారాణిగారికి," అంది టోపీలక్క పళ్ల మధ్య సూది పెట్టుకుని.

మూడో మనిషి మరిది. చిన్న వ్యాను నడిపేవాడు. సరుకు ఒకచోట దించకముందే ఇంకోచోటికి ఒప్పేసుకునే రకం. కన్నతల్లే వాడికి తొందరోడు అని పేరు పెట్టింది, వీధంతా అదే ఖాయం చేసింది. మనసు మంచిది. వదినంటే ప్రాణం. ఏటా కోతల కాలంలో ఆమెకు కావలసిన గడ్డి పొలాల నుంచి తెచ్చేది వాడే.

టోపీకి పనికొచ్చే గడ్డిని పైరు పూర్తిగా పండకముందే, కాస్త పచ్చిదనం ఉండగానే కోస్తారు. అప్పుడే పోచ విరగకుండా వంగుతుంది. కోశాక ఎండలో పరిచి, తిరగేసి, మళ్లీ పరిచి బంగారు రంగు వచ్చేదాకా ఆరబెడతారు. ఆ ఏడు కోతల వేళకు వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. పొలాల్లో గడ్డి కుళ్లిపోతోందని, ఇప్పుడు తెచ్చుకోకపోతే ఏడాదంతా చేతులు ముడుచుకుని కూర్చోవాలని తొందరోడు ఒకటే గొడవ.

ఒకరోజు నమూనాకు గుప్పెడు పోచలు తెచ్చి చూపించాడు. టోపీలక్క ఒక పోచ తీసి మడిచింది, వేళ్ల మధ్య నలిపింది. వేళ్లకు తడి అంటింది.

"పచ్చిగా ఉంది. దీన్ని ఇంట్లో పెట్టకూడదు," అంది.

"పైన గదిలో పడేస్తే అదే ఆరుతుంది వదినా. రేకుల కింద వేడి ఉంటుందిగా."

"ఎండ లేదు, గాలి లేదు, వేడెక్కడిది? వద్దన్నానా, వద్దంతే."

మర్నాడు ఆమె టోపీలు ఇవ్వడానికి సంతకు వెళ్లింది. వచ్చేసరికి మేడ మీద గది నిండిపోయి ఉంది. నేల నుంచి పైకప్పు దాకా తొందరోడు మోపు మీద మోపు కుక్కి, తలుపు భుజంతో నెట్టి గొళ్లెం పెట్టాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఆ సాయంత్రం అరిచిన అరుపులు నా మిషను చప్పుడులోంచి కూడా వినిపించాయి. "రెండు రోజులు ఎండ రానీ వదినా, నేనే దించి ఆరబెడతా. నీమీద ఒట్టు," అని బతిమాలాడు తొందరోడు. ఆ ఒట్టులో అబద్ధం లేదు. కానీ ఎండ రాలేదు. వాడికి దూరం కిరాయి తగిలింది, వ్యాను తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె చేయగలిగింది ఆమె చేసింది. ముందు వరస మోపులు కొన్ని దించి, కింది గదిలో తాళ్లు కట్టి పోచలు వేలాడదీసింది. అవి మెల్లగా ఆరాయి. చూసి కాస్త కుదుటపడింది. ముందువి ఆరాయంటే వెనకవీ ఆరుతాయనుకుంది. మాకందరికీ అలాగే అనిపించింది.

వానతో పాటు చలి ముదిరింది. మా ఇళ్లలో గోడలు చెమ్మగిల్లి, దుప్పట్లు తడి వాసన వేసే రోజులు. అలాంటి రోజుల్లో పెద్దావిడ గది వెచ్చబడింది.

మొదట అందరం సంతోషించాం. "ఇదిగో, ఇక్కడ వీపు ఆనించి చూడు," అని పెద్దావిడ నన్ను పిలిచి చెక్క అడ్డుకు ఆనించి కూర్చోబెట్టింది. నిజమే, పలకలు గోరువెచ్చగా ఉన్నాయి. "మీ మామగారు బతికున్న రోజుల్లో కూడా నా వీపు ఇంత వెచ్చగా లేదే అమ్మాయ్," అని కోడలితో అంటే ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆరక చచ్చిపోతున్న జాకెట్లు నాలుగు నేనూ తెచ్చి ఆ పలకలకు మేకులు కొట్టి తగిలించాను. పొద్దుటికల్లా పెళపెళలాడుతున్నాయి.

టోపీలక్క మాత్రం నవ్వు ఆపి చెక్క మీద అరచేయి పెట్టి చాలాసేపు ఉంచింది.

"గడ్డి వేడి అత్తయ్యా ఇది. కాస్త గడ్డి గది తలుపు తీసి ఉంచుతాను."

"తీశావంటే చూడు! ఉన్న కాస్త వెచ్చదనం పోతుంది. ముసలి ఎముకలే ఇవి."

తలుపు మూసే ఉంది. ఆ తర్వాత వాసన మొదలైంది. తియ్యటి వాసన. పాకం అడుగంటబోయే ముందు వచ్చేలాంటిది, దానిలో ఎండిన పొగాకు కలిసినట్టు. మెట్ల దగ్గర నిలబడితే కమ్మగానే ఉండేది. టోపీ కొనడానికొచ్చిన ఒకాయన ముక్కు ఎగబీల్చి, "లోపల ఏం వండుతున్నారమ్మా?" అని అడిగాడు. పొయ్యి మీద ఏమీ లేదు.

గడ్డి గది కిటికీ అద్దం నా కిటికీలోంచి కనిపిస్తుంది. వీధిలో అన్ని కిటికీలకూ బయట వాన కారుతుంటే, ఆ ఒక్క అద్దానికి లోపలివైపు నీళ్లు కారుతున్నాయి. గది ఏడుస్తున్నట్టుంది అనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు, పిచ్చిదనుకుంటారని.

టోపీలక్క మళ్లీ కొన్ని మోపులు తీద్దామని తలుపు కొద్దిగా తెరిచింది. చేతికొచ్చిన పోచలు బంగారు రంగులో లేవు, తేనె రంగు దాటి గోధుమ రంగులోకి దిగాయి. నానబెడితే నీళ్లు కషాయంలా మారాయి. అల్లబోతే పుటుక్కున విరిగాయి. ఆమె వాటిని నా దగ్గరికి తెచ్చి మిషను మీద పెట్టింది.

"ఇలాంటి గడ్డి నేనెప్పుడూ చూడలేదు చెల్లీ. కుళ్లింది కాదు. ఎవరో వేయించినట్టుంది."

మరిదికి ఫోను చేసింది. "వచ్చే వారం వచ్చేస్తా, మొత్తం నేనే దించేస్తా," అన్నాడు వాడు. వెనక బండ్ల హారన్లు వినిపిస్తున్నాయి. ఆమె ఫోను పెట్టేసి, "వీడికి అన్నిట్లోనూ తొందరే, ఒక్క నా పనిలో తప్ప," అంది.

ఈలోగా పెద్దావిడ నలత పడింది. పొద్దున్నే తలనొప్పి అనేది, కడుపులో దేవుతోందనేది. అల్లుతూ అల్లుతూ కునికేది. మెట్ల మీదుగా దిగివచ్చే జడలో ఎన్నడూ లేనిది తప్పులు కనిపించాయి. ఒకచోట వదులు, ఒకచోట పోచ తప్పిపోయి సందు. వయసు మీద పడింది అనుకున్నాం. ఒక మధ్యాహ్నం టోపీలక్క ఆమెను చేయి పట్టుకుని దించి, తడిసిన వీధి దాటించి మా ఇంట్లో కూర్చోబెట్టింది. సాయంత్రానికల్లా మనిషి లేచి కూర్చుని, నా కుట్టు చేత్తో తడిమి, "ఏమ్మా, ఈ దారం ఎవరి కోసం దాచుకుంటున్నావు? ఇంత పొదుపుగా కుట్టావు," అని హాస్యమాడింది. తలనొప్పి లేదంది. తిరిగి మేడ ఎక్కింది. పొద్దున్నకు మళ్లీ అదే నొప్పి.

టోపీలక్క కుట్టు ఆపి నన్ను అడిగింది: "మీ ఇంట్లో నయమైంది, మా ఇంట్లో తిరగబెట్టింది. ఎందుకంటావ్?"

ఆమె ఆ రోజే అత్తగారి పడక కిందికి మార్చుదామంది. పెద్దావిడ ససేమిరా అంది. "కింద చలి నన్ను చంపుతుంది," అంది. మర్నాడు ఎలాగైనా ఒప్పిద్దామని కోడలు ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నేను ఒక చొక్కాకు కాలరు తిప్పుతున్నాను. ఎదురు గుమ్మంలోంచి టోపీలక్క కనిపిస్తోంది. ఒళ్లో సగం కుట్టిన టోపీ. జడ సరిపోక కొసను లాగింది. ఆగింది. మళ్లీ లాగింది. మెట్ల పైకి చూసి ఈసారి కాస్త గట్టిగా లాగింది. జడ మొత్తం పైనుంచి జారి ఆమె కాళ్ల దగ్గర కుప్పగా పడింది. పట్టుకున్న చేతులు అటువైపు లేవు.

ఆమె ఒక్క ఉదుటున మెట్లెక్కింది. మరుక్షణం మేడ కిటికీలోంచి "చెల్లీ!" అని కేక. కత్తెర ఎక్కడ పారేశానో తెలియదు, పరిగెత్తాను.

పెద్దావిడ కుర్చీలో పక్కకు ఒరిగి ఉంది. బుగ్గలు గులాబీ రంగులో, పసిపిల్ల నిద్రపోతున్నట్టు. ఊపిరి ఆడుతోంది. గదిలో నాకు ఉక్కపోసింది, అంత చలిలో. టోపీలక్క చెక్క అడ్డు మీద చేయి వేసి చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది. నేను పక్కగది గొళ్లెం మీద చేయి వేయబోయాను.

"తియ్యకు!" అని నా మణికట్టు పట్టుకుంది. "మా పుట్టింటి దగ్గర ఒక గడ్డివాము ఇలాగే లోపల్లోపలే కాలింది. పైన చేయి వేస్తే చల్లగా ఉండేది. పంగలకర్రతో పీకారు, గాలి తగిలింది, భగ్గుమంది. ముందు ఈవిణ్ని దించాలి."

దుప్పటిలో పడుకోబెట్టి, తలవైపు ఆమె, కాళ్లవైపు నేను పట్టుకుని ఆ నిటారు మెట్లు ఎలా దిగామో ఇప్పటికీ తెలియదు. మా గుమ్మంలో పడుకోబెట్టి, అంబులెన్సుకీ ఫైరింజనుకీ ఫోను చేశాను. మంట ఎక్కడని ఫైరువాళ్లు అడిగారు. మంట కనిపించడం లేదని చెప్పాను. పొగ? పొగ కూడా సరిగ్గా లేదు. అటువైపు మనిషి గొంతు మారింది. "ఎవరినీ లోపలికి వెళ్లనివ్వకండి. ఏ తలుపూ తీయనివ్వకండి. వస్తున్నాం," అన్నాడు.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో తొందరోడి వ్యాను తిరిగింది. అన్నమాట ప్రకారం గడ్డి దించడానికే వచ్చాడు. నేల మీద పడి ఉన్న తల్లిని చూసి వ్యానులోంచి దూకి వచ్చాడు.

"లోపల గడ్డి కాలుతోంది. పైకి వెళ్లకు. తలుపు తీయకు," అంది టోపీలక్క. అత్తగారి తల ఆమె ఒళ్లో ఉంది, లేవలేదు.

వాడు మేడ వంక చూశాడు. "మంటే లేదు కదా వదినా."

"గాలి తగిలితే వస్తుంది. నా మాట విను. ఈ ఒక్కసారి విను."

విన్నట్టే తలూపాడు. తల్లి చేయి పట్టుకున్నాడు, వదిలాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కాలుకాలిన పిల్లిలా వీధిలో రెండడుగులు అటూ ఇటూ తిరిగాడు. నేను అంబులెన్సు వస్తోందేమోనని తల తిప్పానంతే. వాడు లోపలికి దూరిపోయాడు. చెక్కమెట్ల మీద అడుగుల చప్పుడు. టోపీలక్క వాణ్ని పేరు పెట్టి పిలిచింది. తొందరోడా అని కాదు, వాడి అసలు పేరుతో. ఆ పేరు నేను వినడం అదే మొదలు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. ఇల్లు గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు ఒక శబ్దం. గడ్డి గది కిటికీ అద్దం మీద నీళ్లన్నీ ఒక్కసారిగా మాయమై, దాని వెనక నారింజ రంగు నిండింది. అద్దం పగిలింది. తొందరోడు మెట్ల మీంచి దొర్లుకుంటూ వీధిలో వచ్చి పడ్డాడు. కనుబొమ్మలు లేవు. చేతులు ముందుకు చాచి పట్టుకుని వాటినే చూస్తున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

ఫైరింజను వచ్చేసరికి మేడ అంటుకుపోయింది. పక్క ఇళ్లు నిలిచాయి, అదే గొప్ప. నల్లటి నీళ్లు గుమ్మంలోంచి వీధిలోకి పారాయి. ఆ నీళ్లలో కుట్టిన టోపీలు, సగం కుట్టినవి, బొత్తామంత చుట్టలు కొట్టుకొచ్చాయి. ఎవరూ ఏరలేదు.

కుమిలిన గడ్డి నుంచి రంగూ వాసనా లేని విషపుగాలి వస్తుందని, చెక్కల సందుల్లోంచి అదే రోజూ కొద్దికొద్దిగా ఆ గదిలోకి దూరిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది. మేమంతా వాసన చూసి, వెచ్చదనం చూసి మురిసిపోయాం. చంపేది ఆ రెండూ కాదట.

పెద్దావిడ బతికింది. కళ్లు తెరిచింది, కోడల్ని గుర్తుపట్టింది, ఉప్పు తక్కువైన ఆస్పత్రి చారును తిట్టింది కూడా. మేం ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత ఆమె చేతికి గడ్డి ఇచ్చినప్పుడు తెలిసింది. వేళ్లు కదులుతున్నాయి, దారి మరిచిపోయాయి. పోచను పోచ మీద వేస్తుంది, ఆగుతుంది, మళ్లీ అదే వేస్తుంది. కళ్లు పోయినప్పుడు కూడా బెదరని మనిషి ముఖంలో అప్పుడు బెదురు చూశాను.

మా వీధిలో మళ్లీ గడ్డి పెట్టనిచ్చేది లేదని పెద్దలు ఖరాఖండిగా చెప్పారు. వాళ్లను తప్పుపట్టలేను, నాకూ ఇల్లుంది. టోపీలక్క ఊరి చివర, కలప అడితి వెనక ఒక ఒంటిగది చూసుకుంది. అత్తగారినీ మరిదినీ అక్కడికే తీసుకెళ్లింది. తొందరోడి చేతులు మానాయి కానీ వేళ్లు అతుక్కున్నట్టు బిగుసుకుపోయాయి. వ్యాను స్టీరింగు పట్టుకోలేడు. ముద్ద కలపలేడు. కలిపి పెట్టేది ఆమే.

ఒకరోజు నేను వెళ్లినప్పుడు వాడు గుమ్మం బయట కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, లోపలున్న వదినకు వినపడేలా అన్నాడు:

"నువ్వైనా చెప్పక్కా. ఒక్కసారి తిట్టమని చెప్పు. ఇన్నాళ్లయింది, ఒక్క మాట అనలేదు."

లోపల సూది ఆగింది.

"తిడితే నీకు తేలికవుతుంది," అంది టోపీలక్క. "అందుకే తిట్టను."

ఆమె గొంతులో కోపం లేదు. వాడు తల వంచుకున్నాడు. లేచి లోపలికి వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు. పెద్దావిడ ఒళ్లో పోచలు జారిపోతుంటే, తన బిగుసుకున్న రెండు చేతుల మధ్య వాటి మొదళ్లను నొక్కి పట్టాడు. ఆమె ఆ పట్టు తడిమి చూసి, ఎవరని అడగకుండానే అల్లడం మొదలుపెట్టింది.

ఇప్పుడు రోజూ అదే పని. వాళ్లిద్దరూ కలిసి అల్లేది ఏ టోపీకీ పనికిరాదు. ముడి మీద ముడి, ఎక్కడా వరస ఉండదు. టోపీలక్క తన జడ తానే అల్లుకుంటుంది, తన టోపీ తానే కుట్టుకుంటుంది, సంతకు ఒక్కతే వెళ్తుంది. వాళ్లను ఆపమని ఒక్కనాడూ అనలేదు. పొద్దు వాలే వేళకు మాత్రం లేచి, తడి గడ్డి రాత్రి ఇంట్లో ఉండకుండా, ఆ రోజు వాళ్లు అల్లినదంతా రెండు చేతులతో ఎత్తుకుని, ఇంటికి దూరంగా అడితి ప్రహరీ అవతల ఉన్న బండ మీద పరిచి వస్తుంది.